విమానంలో వంటగది, తెరవకూడని తలుపు

శ్రోతలకు నమస్కారం.

నాకు పదిహేనేళ్ల వయసులో చంద్రగిరిలో మా మేనత్త కూతురి పెళ్లి జరిగింది. పందిరి వెనక, కొబ్బరాకుల తడికెల చాటున, మూడు కట్టెల పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. వడలు వేయిస్తున్న బాణలిలో నూనె మితిమీరి కాగి, ఒక్కసారిగా భగ్గుమని మంట లేచింది. పక్కనున్న కుర్రవాడు బిందెతో నీళ్లు ఎత్తబోతే వంట పెద్దాయన వాడి చెయ్యి పట్టుకుని, "నీళ్లొద్దప్పా, మూత పెట్టాల" అంటూ తానే ఒక పెద్ద ఇత్తడి తాంబాళాన్ని బాణలి అంచు మీదుగా మెల్లగా జరిపి కప్పేశాడు. ఆ తరువాత పొయ్యిలోని కట్టెలను బయటికి లాగించాడు. మంట ఆరిందో లేదో చూద్దామని మా మేనమామ తాంబాళం అంచు ఎత్తబోతే ఆయనను కూడా కసిరాడు. పెళ్లింటి పెద్దలను కసిరే అధికారం ఆ రోజుల్లో పురోహితుడి తరువాత వంటాయనకే ఉండేది.

ఈనాటి ప్రసంగ విషయం విమానంలోని వంటగది, అంటే గ్యాలీ, అక్కడ నిప్పు పుట్టకుండా తీసుకునే జాగ్రత్తలు, పుడితే దాన్ని అణచే పద్ధతి. చంద్రగిరి పెళ్లి దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ వంటాయన విమానం ఎక్కి ఉండడు గాని, ఆయన చేసిన పనికీ ఈనాడు విమాన సిబ్బందికి నేర్పే పనికీ పెద్ద తేడా లేదు.

మన రేణిగుంటలో దిగే ఎయిర్‌బస్ ఎ320 వంటి విమానాల్లో ముందు తలుపు దగ్గర ఒక గ్యాలీ, తోక వైపు మరొక గ్యాలీ ఉంటాయి. వంటగది అని పిలవడమే గాని అక్కడ వంట జరగదు. అన్నమూ కూరలూ ఉప్మా నేలమీది వంటశాలల్లోనే వండి, బాగా చల్లార్చి, అల్యూమినియం రేకు డబ్బాల్లో సర్ది ట్రాలీలలో పైకి ఎక్కిస్తారు. ఆకాశంలో జరిగేది వాటిని తిరిగి వేడిచేయడం మాత్రమే, అదీ కరెంటు ఓవెన్లలో. గ్యాసు లేదు, బయటికి కనిపించే మంట లేదు. ఇంజిన్లు తిప్పే జనరేటర్ల నుంచి 115 వోల్టుల, 400 హెర్ట్జ్ విద్యుత్తు ఆ ఓవెన్లకు, కాఫీ యంత్రాలకు అందుతుంది. ఒక జనరేటరు చెడిపోయి కరెంటు చాలకపోతే విమానం తనంతట తానే ముందుగా వదిలించుకునే భారం గ్యాలీయే. అన్నం వేడెక్కకపోయినా విమానం ఎగురుతుంది కదా! కాక్‌పిట్‌లో పైలట్ల తలపైన ఉండే మీటలలో ఒకదాన్ని నొక్కి గ్యాలీ కరెంటును అక్కడి నుంచే ఆపే ఏర్పాటు కూడా ఉంది.

మంటే లేని చోట నిప్పు ఎక్కడిది అని అడగవచ్చు. రేకు డబ్బా మూత సరిగా నొక్కకపోతే కూరలోని నూనె కారి ఓవెన్ అడుగున చేరుతుంది, వెనక తిరిగే ఫ్యాను ఆ జిడ్డును గోడలకు చిమ్ముతుంది, రోజుకు ఐదారు ప్రయాణాలు చేసే విమానంలో అది పొరమీద పొరగా పేరుకుంటుంది. మన ఇళ్లలో పొయ్యి పైన గోడకు పట్టే జిడ్డే ఇది. మనం దాన్ని పండుగకో పబ్బానికో తుడుస్తాం, అక్కడ అంత గడువు లేదు. రెండవ కారణం జిడ్డు కన్నా చిన్నది, అందువల్లే ప్రమాదకరమైనది. చోటు చాలని గ్యాలీలో ఖాళీ ఓవెన్ ఒక అలమారలాగా కనబడుతుంది. కాగితపు రుమాళ్ల కట్టో, ప్లాస్టిక్ సంచో, ఎవరో ఒకరు "ఇప్పుడే తీసేస్తాను" అనుకుని అందులో పెట్టి మరచిపోతారు, తరువాతి ప్రయాణంలో మరొకరు లోపలికి చూడకుండా మీట నొక్కుతారు. అందుకే ఓవెన్ వేసే ముందు తలుపు తీసి, వంగి, లోపలి దాకా చూడాలన్నది ఈ ఉద్యోగంలో మొదటి పాఠం.

కొన్నేళ్ల కిందట రేణిగుంట నుంచి హైదరాబాదు మీదుగా ఢిల్లీ వెళుతూ, రెండవ విమానంలో చిట్టచివరి వరుసలో కూర్చున్నాను. ఆ వరుసలో సీటు వెనక్కి వాలదు, మరుగుదొడ్డి కోసం నిలబడినవారి మోచేతులు తగులుతూ ఉంటాయి, అయినా గ్యాలీ పనంతా కనబడుతుంది. భోజనం వేడిచేస్తున్న సమయంలో అట్ట మాడిన వాసన వచ్చింది. ఓవెన్ తలుపు సందులోంచి సన్నని తెల్లటి పొగ పాకింది. అక్కడున్న ఇద్దరమ్మాయిలలో పెద్దామె ఓవెన్ మీట ఆపేసింది, వెంటనే పక్కనున్న చిన్న నల్లని బొత్తాన్ని బయటికి లాగింది. అది సర్క్యూట్ బ్రేకర్, దాన్ని లాగితే ఆ ఓవెన్‌కు తీగలోనే కరెంటు ఆగిపోతుంది. రెండవ అమ్మాయి ఇంటర్‌కమ్ అందుకుని కాక్‌పిట్‌తో తగ్గు గొంతుతో మాట్లాడసాగింది. పెద్దామె ఎర్రని సిలిండరును చేతిలోకి తీసుకుని, రెండవ చేతి వెనక భాగాన్ని ఓవెన్ తలుపుకు ఆనించి, అలాగే నిలబడింది. తలుపు మాత్రం తీయలేదు.

చూసేవారికి అది నిర్లక్ష్యంగా తోస్తుంది. లోపల ఏం కాలుతోందో చూడరేమిటి అనిపిస్తుంది. నాకూ అనిపించింది, చంద్రగిరి తాంబాళం గుర్తుకు వచ్చేదాకా. ఓవెన్ ఉక్కు పెట్టె, దాని తలుపు మూసి ఉంటే లోపలి గాలి కొంచెమే, ఆ కొంచెం అయిపోతే నిప్పు తనంతట తాను చస్తుంది. తలుపు తీశామా, దానికి కొత్త ఊపిరి మనమే పోసినట్టు. చేతి వెనక భాగంతో తాకడం ఎందుకంటే అక్కడి చర్మం వేడిని తొందరగా పసిగడుతుంది, ఒకవేళ కాలినా అరచెయ్యి పనికి మిగులుతుంది. మంట ఆగకుండా పెరుగుతున్నదని తెలిస్తే, అప్పుడు మాత్రమే, సిలిండరు గొట్టం దూరేటంత సందు తెరిచి, వాయువును లోపలికి కొట్టి, వెంటనే తలుపు మూస్తారు. అలా కొట్టేవారు తలకు పొగ ముసుగు తొడుక్కుంటారు, అది దాదాపు 15 నిమిషాలు శ్వాసకు ఆధారం ఇస్తుంది. ఒకరు నిప్పుతో పోరాడాలి, ఒకరు కెప్టెన్‌కు చెప్పాలి, మూడవవారు ఇంకొన్ని సిలిండర్లు తెచ్చి ప్రయాణికులను పక్కకు జరపాలి. ఈ పంపకం ముందే జరిగిపోయి ఉంటుంది.

ఆ సిలిండరులో చాలాకాలంగా ఉంటూ వచ్చినది హాలన్ 1211 అనే వాయువు. అది మంటలోని రసాయన చర్యను తెంచుతుంది, తీగలను తడపదు, మచ్చ మిగల్చదు. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని తయారీని ఆపించారు. విమానాలకు మాత్రం పాత నిల్వలను శుద్ధి చేసి వాడుకోనిస్తూ వచ్చారు, ఇప్పుడు దాని స్థానంలో కొత్త ద్రవాలు వస్తున్నాయి.

మూసిన తలుపు విలువ ఏమిటో 1983 జూన్ 2న ప్రపంచానికి తెలిసింది. ఆనాడు ఎయిర్ కెనడా 797 విమానంలో వెనకవైపు మరుగుదొడ్డిలో నిప్పు పుట్టింది. అంతకు ముందే ఆ మరుగుదొడ్డి మోటారుకు సంబంధించిన సర్క్యూట్ బ్రేకర్లు తెగిపోతే, కెప్టెన్ వాటిని తిరిగి నొక్కి చూశాడు, అవి నిలవలేదు. మన ఇళ్లలో ట్రిప్పయిన స్విచ్చును మళ్లీ మళ్లీ పైకి లేపడం వంటిదే అది, ఆనాటికి ఎవరూ దాన్ని తప్పుగా చూడలేదు. విమానం సిన్సినాటిలో దిగింది. తలుపులు తెరిచారు. అవే ప్రాణద్వారాలు, తెరవక తప్పదు. అయితే వాటిగుండా లోపలికి వెళ్లిన గాలికి నిమిషమో నిమిషమున్నరో గడవగానే క్యాబిన్ అంతా ఒక్క మంటయింది. 46 మందిలో 23 మంది మరణించారు. ఈనాడు మరుగుదొడ్లలో కనిపించే పొగ పసిగట్టే పరికరం, చెత్తబుట్టలో తనంతట తానే పనిచేసే చిన్న ఆర్పే సీసా, నేలవారగా వెలిగే దారి దీపాలు ఆ ప్రమాదం తరువాత తప్పనిసరి అయినవే. పొగతాగడం నిషిద్ధమైనా మరుగుదొడ్డి దగ్గర బూడిదగిన్నె ఎందుకుంటుందని నవ్వుకునేవారున్నారు. నిషేధాన్ని మీరినవాడు ఆ తునకను కాగితాలున్న బుట్టలో వేయకుండా ఉండడానికే అది. గ్యాలీ చెత్తపెట్టె మూత కూడా చెయ్యి వదలగానే స్ప్రింగుతో మూసుకుంటుంది. సిబ్బంది హడావిడిలో దాన్ని గ్లాసు అడ్డుపెట్టి తెరిచి ఉంచితే ఆ ఏర్పాటంతా వృథా.

వ్యవధి ఎంత తక్కువో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ చాలు. 1998 సెప్టెంబరు 2న స్విస్ఎయిర్ 111 విమానంలో పైలట్లకు మొదట వింత వాసన తగిలినది మొదలు విమానం సముద్రంలో కూలేదాకా గడిచినది సుమారు 21 నిమిషాలు. తిరుపతి బస్టాండు నుంచి రేణిగుంట విమానాశ్రయం చేరడానికి ఆటోకు అంతకన్నా ఎక్కువే పడుతుంది.

యాత్రికులు కూడా తెలియక నిప్పును వెంట తెచ్చుకుంటారు. హారతి కర్పూరం విమాన నిబంధనల ప్రకారం మండే పదార్థం. ఎండుకొబ్బరి, కురిడీ కాయలు నూనె వల్ల తమంతట తాము వేడెక్కగల సరుకుగా లెక్క, అందుకే తనిఖీలో తీసి పక్కన పెడతారు, దేవుడి ప్రసాదమని బతిమాలినా వినరు. 1980లో రియాద్‌లో 301 మందిని బలిగొన్న సౌదియా విమానపు శిథిలాలలో రెండు బ్యూటేన్ స్టౌలు దొరికాయి. మంట వాటివల్లే మొదలైందని తేలలేదు గాని, అవి విమానం దాకా రాగలిగాయన్నదే ఆలోచించవలసిన సంగతి. ఇక నేటి స్టౌ మన జేబులోనే ఉంది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం నేలమీద ఉండగానే సామాన్ల అరలోంచి మంట లేచింది. 176 మందీ బయటపడ్డారు, పవర్ బ్యాంకు వల్లే కావచ్చని దర్యాప్తు చేసినవారు చెప్పారు. ఇక్కడ ఒక్క విషయంలో మన వంటాయన సూత్రం చెల్లదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పైమంటను వాయువుతో ఆర్పిన తరువాత నీళ్లు పోయవలసిందే, లోపలి అరలు ఒకదాని తరువాత ఒకటి వేడెక్కకుండా చల్లబరచాలి కాబట్టి.

నా ప్రయాణం సంగతి సగంలో వదిలాను. పది నిమిషాలకు పొగ ఆగింది. పెద్దామె ఆ తరువాత కూడా తలుపు తీయలేదు, ఐదు నిమిషాలకొకసారి చెయ్యి ఆనించి చూస్తూనే ఉంది. వెనక వరుసలకు ఆ పూట వేడి భోజనం అందలేదు. తిరుమల దర్శనం చేసుకుని వస్తున్న ఒక పెద్దాయన నొచ్చుకుని అడిగితే, రెండవ అమ్మాయి, తెలుగమ్మాయే, "ఓవెన్ పనిచేయడం లేదు సార్, క్షమించండి" అన్నది తప్ప నిప్పు మాట ఎత్తలేదు. ఢిల్లీలో అందరూ దిగిపోతుండగా చివరివాడిగా నేను సంచి సర్దుకుంటున్నప్పుడు మరమ్మతు మనిషి వచ్చి ఆ ఓవెన్ తలుపు తీశాడు. లోపల, వెనక ఫ్యాను జాలీకి అతుక్కుని, సగం కాలిన ఒక అట్ట మూత ఉంది, అరచేతి కన్నా చిన్నది.