వైఫైలో కనిపించే 5జీ, మొబైల్ 5జీ కాదు!

నమస్తే. ఈ వీడియో చేయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. మొన్న కాకినాడ వెళ్లొచ్చాక ఇక ఆగలేకపోయాను.

అక్కడ మా బాబాయ్ వాళ్లింట్లో హాల్లో పెద్ద టీవీ ఉంది. సినిమా పెడితే పది నిమిషాలకోసారి ఆగిపోయి, మధ్యలో సున్నా తిరుగుతూ ఉంటుంది. "వంద ఎంబీపీఎస్ ప్లాన్ చాలట్లేదని మూడొందలది వేయించానురా, అయినా ఇంతే" అన్నాడు బాబాయ్. టీవీ సెట్టింగ్స్ తెరిచి చూశాను. లిస్టులో వాళ్ల వైఫై పేరు రెండుసార్లు ఉంది. ఒకటి మామూలుగా, ఇంకోటి చివర "5జీ" అని. టీవీ మామూలుదానికే కనెక్టయి ఉంది. రెండోది ఎందుకు పెట్టలేదని అడిగితే వంటింట్లోంచి పిన్ని చెప్పింది: "అది 5జీ కదా నాన్నా, మా ఫోన్లు 4జీవి. మనది కాదులే అని ముట్టుకోలేదు."

పిన్ని తప్పేం లేదు. ఆ పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నా కోపమంతా ఆ పేరు పెట్టినవాళ్ల మీద. నెలనెలా ఎక్కువ డబ్బు కడుతూ, ఇంట్లోనే ఉన్న మంచి దారిని భయంతో వదిలేసుకున్నారు. ఇలాంటి ఇళ్లు ఎన్నో చూశాను.

ముందు ఆ ముడి విప్పేద్దాం. మొబైల్ 5జీలో "జీ" అంటే జనరేషన్, ఐదో తరం అని. మన దేశంలో అది 2022 అక్టోబర్‌లో మొదలైంది. రౌటర్ పేరు చివరుండే "జీ" గిగాహెర్ట్జ్‌కి పొట్టి రూపం. అది రేడియో తరంగాల ఫ్రీక్వెన్సీ. 5 గిగాహెర్ట్జ్‌లో వైఫై నడపడానికి ప్రమాణం 1999లోనే వచ్చింది, అంటే మొబైల్ 5జీ కన్నా రెండు దశాబ్దాలు పాతది! మీ 4జీ ఫోన్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉందంటే చాలు, నిశ్చింతగా కనెక్టవుతుంది. మరీ చౌక మోడళ్లు తప్ప ఈ మధ్య వచ్చిన ఫోన్లలో ఇది ఉంటుంది. లిస్టులో ఆ పేరు కనిపించిందంటేనే మీ ఫోన్‌కి అది అందుతోందని అర్థం.

[స్క్రీన్ మీద: అరిటాకులు వరసగా పరిచిన పెళ్లి పందిరి బొమ్మ]

ఇప్పుడు ఒక పెళ్లి భోజనం గుర్తు తెచ్చుకోండి. బఫే కాదు, బంతి భోజనం. వెనకాల వంటశాల, గుండిగల నిండా అన్నం, సాంబారు. ముందు హాల్లో వరసగా విస్తళ్లు. మధ్యలో బకెట్టు పట్టుకుని తిరిగే వడ్డించే మనిషి.

మీరు డబ్బు కట్టే ఇంటర్నెట్ ప్లాన్ వంటశాల. రౌటర్ వడ్డించే మనిషి. మీ ఫోను, టీవీ, ల్యాప్‌టాప్, సీసీ కెమెరా అన్నీ విస్తళ్లు. వైఫై అంటే వడ్డన మాత్రమే! వంట కాదు. "వైఫై ఫుల్లుగా ఉంది కానీ నెట్ రావట్లేదు" అంటుంటారు కదా, అప్పుడు వడ్డించే మనిషి మీ ఎదురుగానే నిలబడ్డాడు, బకెట్టు ఖాళీగా ఉంది. బాబాయ్ ఇంట్లో జరిగింది దీనికి సరిగ్గా తిరగేసి. గుండిగలు పొంగిపొర్లుతున్నాయి, విస్తట్లోకి రావట్లేదు.

అసలు కిటుకు ఇక్కడుంది, దీని దగ్గర కాస్త ఆగుతాను. ఒక చానెల్ మీద, అంటే రౌటర్, ఫోన్లు మాట్లాడుకునే ఒక రేడియో దారి మీద, ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. అందరికీ గాలి ఒకటే కదా, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరిదీ వినపడదు. అందుకే రౌటర్ ఒక్కో విస్తరికి వంతులవారీగా వడ్డిస్తుంది. ఆ వంతు సెకనులో వెయ్యో వంతుల్లో అయిపోతుంది కాబట్టి అందరికీ ఒకేసారి వస్తున్నట్టు అనిపిస్తుంది.

మనకో సామెత ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. వైఫైకి ఈ సామెత పనికిరాదు. కడబంతిలో కూర్చున్నవాడికి సరిగ్గా వినపడదు. "పులిహోర వేయమంటారా?" అంటే "ఏంటీ?" అంటాడు. మళ్లీ అడగాలి, నెమ్మదిగా అడగాలి. రౌటర్ కూడా అంతే. దూరంగా, గోడల వెనకాల ఉన్న ఫోన్‌తో మాట్లాడేటప్పుడు వేగం తగ్గించుకుని, పోయిన ముక్కని మళ్లీ మళ్లీ పంపుతుంది. ఆ సేపంతా మిగతా విస్తళ్లు ఖాళీగా ఎదురుచూడాలి. మొదటి విస్తరి కూడా!

అంటే, వెనక బెడ్‌రూమ్‌లో ఒక పాత ఫోన్ ఏదో పెద్ద ఫైల్ దించుకుంటుంటే, హాల్లో రౌటర్ పక్కనే ఉన్న టీవీ ఆగిపోవచ్చు. చాలామంది ఇది నమ్మరు. ఇవాళ ఇంట్లో పరీక్షించి చూడండి.

ఇప్పుడు రెండు హాళ్లు ఊహించుకోండి. లిస్టులో మామూలు పేరుతో ఉండేది 2.4 గిగాహెర్ట్జ్, అదొక చిన్న హాలు. 5 గిగాహెర్ట్జ్ పక్కనున్న పెద్ద హాలు. ఎంత చిన్న, ఎంత పెద్ద? 2.4లో ఉన్న మొత్తం జాగా 83.5 మెగాహెర్ట్జ్. 5లో మన దేశం 2018 అక్టోబర్‌లో లైసెన్స్ అక్కర్లేకుండా వాడుకోమని ఇచ్చింది 605 మెగాహెర్ట్జ్. ఏడు రెట్లకు పైనే.

పైగా ఆ చిన్న హాల్లో మీ ఒక్కరి పెళ్లే కాదు, వీధి మొత్తం పెళ్లిళ్లు జరుగుతున్నాయి. అపార్ట్‌మెంట్లో ఉంటే ఇప్పుడే ఫోన్లో వైఫై లిస్టు తెరిచి చూడండి, ఎన్ని పేర్లు కనిపిస్తాయో. వాటిలో ఎక్కువ 2.4లోనే ఉంటాయి. బ్లూటూత్‌దీ ఆ హాలే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు అక్కడే, 2.45 దగ్గర. అన్నం వేడి చేసుకునే రెండు నిమిషాలు వీడియో కాల్ తెగిపోతోందంటే కారణం అదే.

చానెళ్ల సంగతి కూడా చెప్పాలి. 2.4లో మనకి 1 నుంచి 13 దాకా చానెళ్లు కనిపిస్తాయి. పదమూడు వరసలు ఉన్నాయనుకుంటాం. కాదు. చానెల్‌కీ చానెల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, కానీ ఒక్కో వైఫై కనీసం 20 మెగాహెర్ట్జ్ వెడల్పున కూర్చుంటుంది. అందుకే ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా కూర్చోగలిగేది 1, 6, 11 మీదే. "అందరూ 1 మీద, 6 మీద ఉన్నారు, మధ్యలో 3 ఖాళీగా ఉంది" అని 3 పెట్టుకునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఒకే చానెల్ మీద ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, వంతు కోసం ఆగుతాయి. మీరు 3 మీద కూర్చుంటే వాళ్ల మాట మీకు, మీ మాట వాళ్లకి గోలలా వినపడుతుంది తప్ప అర్థం కాదు. అటువైపూ ఇటువైపూ రెండు బంతుల్నీ పాడుచేసినట్టే.

మరి అందరం పెద్ద హాల్లోకి వెళ్లిపోతే సరిపోదా అంటారేమో. 5 గిగాహెర్ట్జ్‌కి ఒక బలహీనత ఉంది. 2.4 తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, 5ది 6 సెంటీమీటర్లు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడల దగ్గర ఎక్కువ నష్టపోతుంది. మన ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు దాన్ని బాగా తినేస్తాయి. ఇనప బీరువా అయితే రెంటినీ ఆపేస్తుంది. కాబట్టి ఒకే గదిలోనో, ఒక గోడ అవతలో ఉన్న టీవీ, ఫోన్, ల్యాప్‌టాప్ 5 మీద పెట్టండి. గేటు దగ్గర కెమెరా, స్మార్ట్ బల్బు లాంటివి 2.4 మీద. చాలా కెమెరాలకీ బల్బులకీ అసలు 2.4 ఒక్కటే వచ్చు. కొత్త కెమెరా ఎంతకీ కనెక్టవక టెన్షన్ పడుతుంటే ముందు ఇది చూసుకోండి.

[స్క్రీన్ మీద: వైఫై 5, 5 గిగాహెర్ట్జ్, 5జీ]

ఇంకో ఐదు కూడా ఉంది. వైఫై 5! ఇది ఫ్రీక్వెన్సీ కాదు, వైఫైలో ఐదో తరం. అసలు పేర్లు 802.11ఎన్, 802.11ఏసీ, 802.11ఏఎక్స్ అని ఉండేవి. మామూలు జనానికి అవి నోరు తిరగవు. 2018లో వైఫై కంపెనీల సంఘమైన వైఫై అలయెన్స్ వీటికి అంకెలు పెట్టింది. 2009 నాటి ఎన్ వైఫై 4 అయింది, ఏసీ వైఫై 5, ఏఎక్స్ వైఫై 6. వైఫై 7 అంటే 802.11బీఈ. అంకెలు పెట్టడం మంచి పనే, పాత పేర్ల కన్నా వంద రెట్లు నయం. కాకపోతే వైఫై 5 పనిచేసేది 5 గిగాహెర్ట్జ్ మీదే కావడంతో రెండూ ఒకటేనన్న భ్రమ ఇంకా ముదిరింది. వైఫై 6 అంటే 6 గిగాహెర్ట్జ్ కాదు. అది 2.4, 5 రెంటి మీదా నడుస్తుంది. 6 గిగాహెర్ట్జ్‌లోకి వెళ్లేదాన్ని వైఫై 6ఈ అంటారు.

వైఫై 6లో నాకు బాగా నచ్చింది వేగం కాదు. వడ్డనలో నాలుగు గిన్నెలు కలిపి ఒకే పిడితో ఉండేది చూశారా? ఒకదాంట్లో పచ్చడి, ఒకదాంట్లో కూర, ఇంకోదాంట్లో పప్పు. వైఫై 5 దాకా రౌటర్ ఒక బకెట్టు పట్టుకుని ఒక విస్తరికి వడ్డించాకే ఇంకో విస్తరి దగ్గరికి వెళ్లేది. ఒక చెంచా పచ్చడి కోసమైనా పూర్తి ట్రిప్పే. వైఫై 6 ఒకే వంతును ముక్కలు చేసి, ఒకే ట్రిప్పులో నలుగురైదుగురికి కొంచెం కొంచెం వేయగలదు. దీని పేరు ఓఎఫ్‌డీఎంఏ. మెసేజ్‌లు, నోటిఫికేషన్లు, కెమెరాలు పంపే చిన్న చిన్న ముక్కలకి ఇది చాలా మేలు. అయితే అవతలి ఫోన్ కూడా వైఫై 6ది అయితేనే. రౌటర్ ఒక్కటీ మార్చి, ఐదేళ్ల నాటి ఫోన్లతో అద్భుతాలు జరుగుతాయనుకోవద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

రౌటర్ డబ్బా మీద అంకెలు. ఏసీ1200 అని ఉంటే 1200 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4లో 300, 5లో 867, రెండూ కూడి పైకి సర్దారు. మీ ఫోన్ ఒక సమయంలో ఆ రెంటిలో ఒకదాని మీదే ఉంటుంది. ఆ 867 కూడా గాల్లో వేగం. చేతికొచ్చేది అందులో సగం, కాస్త అటూ ఇటూ. అలాగే ఒకే యాంటెన్నాతో 2.4లో 20 మెగాహెర్ట్జ్ మీద ఉన్న వైఫై 4 పరికరానికి గాల్లో వేగమే 72 ఎంబీపీఎస్. చేతికి నలభై దాకా వస్తే గొప్ప, వీధిలో రద్దీ ఉంటే అదీ రాదు. మూడొందల ప్లాన్ పెట్టి ఏం లాభం? గుండిగ ఎంత పెద్దదైనా గరిట అదే కదా. ఇంకో మాట, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 ఎంబీల ఫైల్ దిగుతుందని కాదు. ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగాబిట్లు, ఎంబీ అంటే మెగాబైటు. బిట్లు ఎనిమిది కలిస్తే ఒక బైటు. 12.5 ఎంబీ దిగితే మీ కంపెనీ మోసం చేయనట్టే.

రిపీటర్, మెష్. రిపీటర్ అంటే మధ్యలో నిలబడి చేతులు మార్చే మనిషి. ఒక బకెట్టుతోనే అందుకోవాలి, ఒక బకెట్టుతోనే వడ్డించాలి, కాబట్టి ఒకే రేడియో ఉన్న చౌక రిపీటర్‌తో వేగం దాదాపు సగమవుతుంది. మెష్ అంటే ఒకే పేరుతో, ఒకే మాట మీద పనిచేసే వడ్డన బృందం. రెండంతస్తుల ఇంటికి మంచిది. వాటిని ఒకదానికొకటి కేబుల్‌తో కలపగలిగితే ఇంకా మంచిది. టీవీ రౌటర్ పక్కనే ఉంటే దానికీ కేబులే వేయండి, ఆ వంతుల గొడవే ఉండదు. కేబుల్ కొనేటప్పుడు రౌటర్ పోర్ట్ గిగాబిట్‌దేనా చూసుకోండి. 100 పోర్ట్ అయితే అక్కడే వందకి ఆగిపోతుంది.

రౌటర్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ దగ్గర వైఫైకి వేసే తాళం రకం ఉంటుంది, అక్కడ డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే ఇవాళే మార్చండి, దాని గుట్టు 2001లోనే రట్టయింది. పాస్‌వర్డ్ బదులు అంకెలు కొట్టి కనెక్టయ్యే డబ్ల్యూపీఎస్ పిన్ ఆపేయండి. అది ఎనిమిది అంకెలదే అయినా రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

కాకినాడలో ఏం చేశానో చెప్పి ముగిస్తాను. రౌటర్ బీరువా వెనకాల, ఫైబర్ వైరు గోడలోంచి వచ్చిన చోటే నేల మీద ఉంది. వైరు సరిపోయినంత దూరం జరిపి, హాలు గుమ్మం పక్కన అరమీద పెట్టాం. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాం. సినిమా మొత్తం ఒక్కసారి కూడా ఆగలేదు. తర్వాత రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పేరు చివరున్న ఆ "5జీ" తీసేసి, పిన్ని చెప్పినట్టే "హాలు" అని పెట్టాను. మర్నాడు పొద్దున్న చూస్తే పిన్ని ఫోన్ కూడా దాని మీదే ఉంది. వచ్చే నెల నుంచి బాబాయ్ మళ్లీ వంద ప్లాన్‌కి మారుతున్నాడు.