ఆర్డరు వచ్చింది, డబ్బు రాలేదు
(నవంబరు 9, న్యాయ సేవల దినం సందర్భంగా అనంతపురంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వారికి, ప్లీడర్లకు, నాతో ఏళ్ల తరబడి పనిచేసిన కోర్టు సిబ్బందికి, లా కాలేజీ పిల్లలకు, కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ, నాకిచ్చింది ఇరవై నిమిషాలే.

కొత్త చట్టంలో మెయింటెనెన్స్, అంటే భరణం, గురించి మాట్లాడమన్నారు. ముందు ఆ నాలుగు మాటలు చెప్పేస్తాను. క్రిమినల్ కేసులు నడిపే పాత చట్టం సీఆర్పీసీలో 125వ సెక్షన్ అన్నది, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది, లోపలి సరుకు దాదాపు అదే. తండ్రికి స్తోమత ఉండి కూడా బిడ్డను పట్టించుకోకపోతే, నెలనెలా ఇంత ఇవ్వమని మేజిస్ట్రేటు ఆర్డరు వేయవచ్చు. తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా అన్నదానితో పని లేదు, బిడ్డకు హక్కు ఉంది. కేసు తల్లి ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. 2001 దాకా నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వకూడదని గీత ఉండేది, దాన్ని తీసేశారు. కేసు నడుస్తుండగా ఇచ్చే మధ్యంతర భరణం మీద, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని కూడా అప్పుడే చేర్చారు.

మా ఊళ్లో దీన్ని భరణం అనేవాళ్లు కాదు, మెయింటెనెన్స్ అని అసలే అనేవాళ్లు కాదు. మనోవర్తి అనేవాళ్లు. ఆ మాట నేను మొదట విన్నది 1975లో, మా అమ్మ నోట.

ఇది చెప్పాలని రాలేదు. కాగితం మీద వేరేవి రాసుకొచ్చాను. కానీ ఇక్కడ ముందు వరసలో ఒకామె ఒళ్లో పాలిథీన్ కవరు పెట్టుకుని కూర్చుంది. అందులో మడతపెట్టిన కోర్టు నకలు కనిపిస్తా ఉంది. అట్లాంటి కాగితమే మా ట్రంకుపెట్టెలో ఉండేది. అందుకని చెప్తాను.

మా నాయన బళ్లారిలో పత్తి జిన్నింగు మిల్లులో పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు, చెల్లెలికి ఎనిమిది. అమ్మ విత్తనానికి శెనక్కాయలు ఒలిచే కూలికి పోయేది. మన జిల్లా ఆడవాళ్లకు తెలుసు ఆ పని. సీజనంతా ఒలిస్తే బొటనవేలి గోరు సగానికి అరిగి, కింద చర్మం ఎర్రగా బయటపడుతుంది. ఆ వేలితోనే మనోవర్తి దావా కాగితాల మీద ముద్ర వేసింది. గుమాస్తా చూసి, గీతలు పడలేదు, మళ్లీ వేయమ్మా అన్నాడు. నాలుగుసార్లు వేయించాడు.

అమ్మకు 50, మా ఇద్దరికీ చెరి 25, మొత్తం నెలకు నూరు రూపాయలు. ఆర్డరు వచ్చిన రోజు కోర్టు బయట మాకు బొరుగులు, మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. ఇంక గట్టెక్కినట్టే అనుకుంది పాపం.

రెండు నెలలు మనియార్డరు వచ్చింది. ఫారం అడుగున కబురు రాసుకునేందుకు చిన్న కూపన్ ఉండేది, ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. పోస్టుమ్యాన్ దాన్ని చించి ఇచ్చేవాడు. మా చెల్లెలు దాన్ని వెనకా ముందూ తిప్పి చూసేది, నాయన ఏమైనా రాశాడేమోనని. రెండింటిమీదా ఏమీ లేదు. మూడో నెల కూపన్ కూడా రాలేదు.

ఇక్కడి నుంచి అసలు సంగతి మొదలవుతుంది, దయచేసి వినండి. ఆర్డరు ఇచ్చింది ప్రభుత్వం పెట్టిన కోర్టు. దాన్ని ధిక్కరించింది మా నాయన. మరి పరుగులు ఎవరివి? మా అమ్మవి. మళ్లీ పిటిషన్, మళ్లీ ప్లీడరు, మళ్లీ వాయిదాలు. వారంటు పోతుంది, ‘మనిషి ఊళ్లో లేడు’ అని తిరిగొస్తుంది. ఇట్లా మూడుసార్లు అయినాక కానిస్టేబులు, ‘ఆయప్ప యాడుంటాడో నువ్వే వచ్చి చూపించు తల్లీ’ అన్నాడు. అతన్నీ తప్పుపట్టలేను, వేరే రాష్ట్రం, వేరే ఊరు, మనిషి ముఖం తెలియదు. చివరికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని బళ్లారి పోయింది. ఇద్దరి బస్సు చార్జీలూ కానిస్టేబులు చార్జీలూ అన్నం ఖర్చూ ఆమే పెట్టుకుంది. షిఫ్టు వదిలే వేళకు మిల్లు గేటు కాడ నిలబడ్డాం. దూది ముక్కలు తలనిండా అంటుకుని బయటికొస్తున్న మనుషుల్లో మా నాయనను చేయెత్తి చూపించింది నేను. అమ్మ తల వంచుకుంది, చూడలేకపోయింది.

పన్నెండేళ్ల పిల్లోడితో చేయించాల్సిన పనా అది? మీరే చెప్పండి.

నెల రోజులు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చి, ‘జైలుకు పోయొచ్చినాను, ఇంక నేనిచ్చేది ఏమీ లేదు, లెక్క సరిపోయింది’ అని కబురు పంపాడు. అమ్మ నమ్మింది. గుమాస్తాను అడిగితే అతనూ అదే అన్నాడు. కాగితం ట్రంకుపెట్టెలో, కోకల అడుగున పెట్టేసింది. మళ్లీ తీయలేదు.

తర్వాత నేను కోర్టులో కాపీయిస్టుగా చేరాను. 1989 లా రిపోర్టుల్లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఒక ప్లీడరు కోసం దాని నకలు టైపు కొడుతూ చదివాను. జైలు అనేది వసూలు చేసే ఒక పద్ధతి మాత్రమే, జైలుకు పోతే బాకీ తీరదు, డబ్బు కడితేనే తీరుతుంది అని ఉంది. మిషను ఆపేసి కూర్చున్నాను. సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. ‘ఆ ముక్క అప్పుడెవరన్నా చెప్పింటే నీ చెల్లెల్ని బడి మాన్పించే పని లేకుండేది కదప్పా’ అంది.

మైకు దగ్గర నాకు ఈ మాట ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. క్షమించండి.

సరే. అక్కల్లారా, మీ ఊళ్లో ఎవరైనా ‘జైలుకు పోయొచ్చాడు, అయిపోయింది’ అంటే నమ్మొద్దు. రెండోది ఇంకా ముఖ్యం. బకాయి పడిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. ఏడాది దాటిన నెలలకు మేజిస్ట్రేటు వారంటు ఇవ్వడు. నా సర్వీసులో, ఒక కోర్టులో, మూడేళ్ల బకాయితో వచ్చిన ఒకామె కాగితాలు నా చేత్తో నేనే తిప్పి పంపాను. రెండేళ్ల డబ్బు పోయిందమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఆమె భర్త సుగ్గికని, అంటే పంట కోతల కూలికని, గుంటూరు వైపు పోయి అటే ఉండిపోయాడు. ఎక్కడున్నాడో తెలిసేసరికి అంత కాలమైంది. దొరక్కుండా తిరిగినవాడికి లాభం, వెతికినామెకు నష్టం. ఆ నిబంధన మారాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను, ఈ రోజూ అడుగుతున్నాను.

మంచి జరగలేదని అనను. 2020 నవంబరులో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరూ తమ ఆస్తులూ ఆదాయమూ అఫిడవిట్‌లో చెప్పాలంది, దరఖాస్తు వేసిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలంది. 2005 గృహహింస చట్టం కింద, జీతం ఇచ్చే యజమానే నేరుగా ఆమెకు కట్టేలా కోర్టు ఆదేశించవచ్చు. సివిల్ కోర్టు మెయింటెనెన్స్ డిక్రీ కింద జీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు. వారంటు ఉన్న మనిషి పాస్‌పోర్టు ఆపే అధికారం 1967 చట్టంలోనే ఉంది. కువైట్‌కు పోయిన భర్తల కోసం ఎదురుచూసే కడప, రాయచోటి ఆడవాళ్లకు ఇది తెలియాలి. ఇవన్నీ ఉన్నాయి. కానీ ఒక్కోదానికీ కదలాల్సింది మళ్లీ ఆ తల్లే.

మా అమ్మకు ఆర్డరు వచ్చిన 1975లోనే అమెరికాలో దీనికోసం ఒక చట్టం తెచ్చారు. తండ్రిని వెతకడం, వసూలు చేయడం ప్రభుత్వ ఆఫీసు పని అన్నారు. 1984లో జీతం నుంచి కోత తప్పనిసరి చేశారు. 1996లో తెచ్చిన ఇంకో చట్టంతో, ఎవరు ఎక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినా ఆ ఆఫీసుకు తెలుస్తుంది. బకాయి 2500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు. బకాయి పడ్డారని పనిలేని పేద తండ్రుల డ్రైవింగు లైసెన్సులు రద్దు చేసి, సంపాదించుకునేందుకు ఉన్న దారి కూడా మూశారన్న విమర్శ అక్కడ ఉంది, అది మనం నేర్చుకోకూడనిది. జర్మనీలో 1980 నుంచి, తండ్రి ఇవ్వకపోతే ప్రభుత్వమే బిడ్డకు ముందుగా ఇచ్చి, తర్వాత ఆయన దగ్గర వసూలు చేసుకుంటుంది. నాకు కావలసింది ఇదే. ట్రాక్టరు లోను వాయిదా తప్పితే బ్యాంకు వాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వస్తారే! బిడ్డ అన్నం బాకీకి జిల్లాకొక ఆఫీసు పెట్టలేమా? కలెక్టరేట్‌లో ఒక గది, ఇద్దరు గుమాస్తాలు, ఆర్డర్ల రిజిస్టరు. నెల దాటితే పిటిషన్ వాళ్లే వేయాలి.

చీటీ అందింది, టైమైపోయిందని. అయిపోయింది.

ఆడవాళ్లకు, పిల్లలకు ప్లీడరును ఉచితంగా ఇస్తారు, ఆదాయంతో పని లేదు. 15100కు ఫోన్ చేయండి. భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది, ఆదాయ పరిమితి చూస్తారు, దానికీ అర్జీ పెట్టండి.

భోజనాలయ్యాక ఆ తలుపు పక్క టేబులు దగ్గర నేనూ, ఇద్దరు లా కాలేజీ పిల్లలూ కూర్చుంటాం. ఆర్డరు కాగితం తెచ్చినవాళ్లు నేరుగా రండి. ముందు తేదీ చూద్దాం, ఏడాది ఇంకా ఎన్ని రోజులుందో. అమ్మా, ఆ కవరు పట్టుకున్నామె, మొదట మీరు రండి.