రెండోసారి మరిగిన కుండ: ఇటలీ పల్లె వంట, దాని పక్కన వైన్

సభకు నమస్కారం.

నిన్న సాయంత్రం ఈ శిక్షణాలయం వంటగదిలో మనం ఒక పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించి, రాత్రి దించి, మూతపెట్టి వదిలేశాం. అందులో ఉన్నది మధ్య ఇటలీలోని టస్కనీ ప్రాంతపు రైతుల ఇళ్లలో పుట్టిన రిబొల్లీత. ఆ మాటకు ‘మళ్లీ మరిగించినది’ అని అర్థం. నా ప్రసంగం ముగిసేసరికి అది రెండోసారి మరిగి మీ ముందుకు వస్తుంది. ఇటలీ పల్లెటూళ్ల వంటలకు ఏ వైన్ జతకుదురుతుందో చెప్పమని మీ అధ్యాపకులు నన్ను పిలిచారు. ఒక పట్టిక రాసి మీ చేతికిస్తే ఆ పని అయిపోతుంది. అయితే ఆ పట్టికలోని జతలను రుచులెరిగిన పెద్దమనిషి ఎవరో తీరిగ్గా కూర్చుని ఎంచలేదు. ఒకే పొలం నుంచి, ఒకే లేమి నుంచి వచ్చాయి కనుక ఆ తిండీ ఆ పానీయమూ ఒకే బల్ల మీదికి చేరాయి. ఆ పొలం ఎవరిది, ఆ ఇంట్లో ఏమి ఉంది, ఏమి లేదు అన్న ప్రశ్నల దగ్గర మొదలుపెడితే జత ఎందుకు కుదిరిందో మనకే తెలుస్తుంది.

ముందు గిన్నె దగ్గరికే వద్దాం. కన్నెల్లీని అనే తెల్లగింజలను, అంటే మన బజారులో దొరికే తెల్ల రాజ్మాకు దగ్గరి చుట్టాలను, రాత్రంతా నానబెట్టి, వెల్లుల్లి రెబ్బలు, సేజ్ ఆకులు వేసి, నీరు కదిలీ కదలనట్టుండే సన్నసెగ మీద ఉడికించాలి. తొందరపడి మంట పెంచితే తొక్క చిట్లి గింజ చెదిరిపోతుంది. ఉడికినవాటిలో సగం మెత్తగా మెదిపి ఆ నీళ్లలోనే కలిపి, మిగతా సగం గింజలుగానే ఉంచాలి. మరో గిన్నెలో ఆలివ్ నూనె పోసి, సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలరీ కాడలను ఎర్రబడనివ్వకుండా మగ్గించి, బంగాళాదుంప, క్యాబేజీ వేసి, చివరికి కావొలో నేరో వేయాలి. ఇది గడ్డకట్టని క్యాబేజీ జాతి. ఆకులు పొడుగ్గా, ముడతలు ముడతలుగా, నలుపుకు తిరిగిన ఆకుపచ్చలో ఉంటాయి. మంచు కురిశాక కోసిన ఆకే తియ్యగా ఉంటుందని అక్కడి రైతులు అంటారు. వాళ్లు చెప్పేది నిజం. చలికి తట్టుకోవడానికి ఆ మొక్క తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది.

ఆ తరువాత రొట్టె. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. మొదటిసారి కొరికినవారికి వంటవాడు ఏదో మరిచిపోయాడనిపిస్తుంది. ఉప్పు మీద పన్ను వల్ల ఈ అలవాటు వచ్చిందని ఒక కథ, పీసా నగరం ఉప్పు రాకుండా అడ్డుకోవడం వల్ల వచ్చిందని మరొక కథ చెబుతారు. కథల సంగతి ఎలా ఉన్నా, వంటగదిలో జరిగేది మాత్రం స్పష్టం. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. ఉప్పులేని రొట్టె ఆ తేమ లేక ఎండి చెక్కలా గట్టిపడుతుంది. ఆ గట్టి రొట్టెను పారేయడం ఆ ఇళ్లలో ఎవరూ ఊహించలేని పని. చలికాలంలో అది రిబొల్లీతలో పొరలు పొరలుగా చేరుతుంది, టమాటాలు పండినప్పుడు పప్పా అల్ పొమొదోరో అనే చిక్కటి జావ అవుతుంది, ఎండాకాలంలో నీళ్లలో తడిపి, నీరు పిండేసి, ఉల్లిపాయ, వెనిగర్ కలిపితే పంజనెల్లా అవుతుంది. చద్దన్నంలో పెరుగు కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని పొలానికి వెళ్లినవారి పిల్లలకు, మనవలకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ వంటను ఇటలీలో కుచినా పోవెరా, అంటే పేదింటి వంట అంటారు. ఈ రోజు ఆ మాట ఖరీదైన హోటళ్ల మెనూల మీద కనిపిస్తుంది గాని, దాని వెనుక ఒక భూమి ఒప్పందం ఉంది. మధ్య ఇటలీలో కొన్ని శతాబ్దాల పాటు సాగిన మెజ్జాద్రియా పద్ధతిలో భూస్వామి పొలం, ఇల్లు ఇస్తాడు. రైతు కుటుంబం ఇంటిల్లిపాదీ కష్టపడుతుంది. పండినదానిలో సగం భూస్వామికి పోతుంది. మనవైపు కోరుకు ఇవ్వడం అంటామే, దాదాపు అదే. గోధుమలో సగం, నూనెలో సగం, వైన్‌లో సగం. కొత్తగా అలాంటి ఒప్పందాలు చేసుకోకూడదని ఇటలీ ప్రభుత్వం 1964లో చట్టం చేసింది; పాతవి ఆ తరువాత కూడా కొన్నాళ్లు నడిచాయి. తనకు మిగిలిన సగంలో మంచి వైన్‌ను కూడా రైతు చాలాసార్లు డబ్బు కోసం అమ్ముకునేవాడు. ఇంట్లో తాగడానికి, రసం తీసేసిన ద్రాక్షపిప్పి మీద నీళ్లు పోసి, ఊరనిచ్చి, పలుచటి పానీయం తీసుకునేవారు. దాని పేరు అక్వెరెల్లో. రిబొల్లీత పక్కన కియాంతీ క్లాస్సికో అనే టస్కనీ ఎర్రవైన్ సీసా పెట్టి, తరతరాల సంప్రదాయమని మనం చెప్పేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. ఆ గిన్నెను కలియబెట్టిన ఇల్లాలి చెంబులో చాలా రోజులు ఉన్నది పిప్పి నీళ్లే. ఇది తెలియడం వల్ల ఆ జత రుచి తగ్గదు. ఆమె పట్ల గౌరవం పెరుగుతుంది, అంతే.

కియాంతీ వైన్‌కు రూపమిచ్చినవాడు మాత్రం భూస్వామే. ఫ్లారెన్స్, సియెనా నగరాల మధ్య కొండల్లో బ్రోలియో కోట యజమాని బెత్తీనో రికాసోలీ, 1861లో తొలి ప్రధాని కావూర్ మరణానంతరం ఇటలీకి రెండవ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరికి రాసిన లేఖలో తన ద్రాక్షల పాళ్లను వివరించాడు. సాంజోవేజే ద్రాక్ష వైన్‌కు పరిమళాన్ని, బలాన్ని ఇస్తుందట. కనాయోలో అనే మరో ద్రాక్ష దాని కటుత్వాన్ని తగ్గిస్తుందట. మల్వాజియా అనే తెల్ల ద్రాక్ష వైన్‌ను పలుచన చేసి రోజువారీ భోజనానికి తగినదిగా మారుస్తుందట, కాని ఏళ్ల తరబడి నిలవ ఉంచదలచిన వైన్‌లో దాన్ని మానుకోవచ్చునట. నాకు ఈ లేఖలో నచ్చేది ఆ చివరి తేడాయే. రోజూ అన్నంతో తాగేది వేరు, దాచుకుని పండగకు తీసేది వేరు అని ఆయనకు స్పష్టంగా తెలుసు. తరువాతి కాలంలో ఆ తేడా చెరిగిపోయింది. 1967లో కియాంతీకి ప్రభుత్వ నిబంధనలు వచ్చినప్పుడు తెల్ల ద్రాక్షను తప్పనిసరి చేశారు. కియాంతీ క్లాస్సికో ప్రాంతంలో 2006 పంట నుంచి దాన్ని పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు అక్కడ కనీసం 80 శాతం సాంజోవేజే ఉండాలి. మీరు రిబొల్లీతకు సీసా ఎంచుకునేటప్పుడు ఎక్కువకాలం ఓక్ పీపాల్లో ఉంచిన ఖరీదైన దాన్ని పక్కనపెట్టి, చిన్న వయసు వైన్ అడగండి. రికాసోలీ భాషలో చెప్పాలంటే, రోజువారీ భోజనానికి తగినది.

ఆ వైన్ ఆ గిన్నెకు ఎందుకు సరిపోతుంది? సాంజోవేజేలో రెండు గుణాలు ముందు కనిపిస్తాయి: పులుపు, వగరు. ఈ వగరు అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. మన షడ్రుచుల్లో దానికి ఒక స్థానం ఉంది. ఉగాది పచ్చడిలో లేత మామిడి పిందె ముక్క పంటికింద పడినప్పుడు, నేరేడు పండ్లు గుప్పెడు తిన్నాక నాలుక మొద్దుబారి బిగుసుకున్నప్పుడు దాన్ని పేరుపెట్టి పిలిచే అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎర్రవైన్‌లో ఆ వగరును తెచ్చేవి ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటి జారుడును తీసేస్తాయి. అందుకే నోరు ఆరినట్టవుతుంది. ఇప్పుడు రిబొల్లీతను తలచుకోండి. మెదిపిన గింజల చిక్కదనం, మీద పోసిన పచ్చి ఆలివ్ నూనె నాలుకకు ఒక పూతలా అంటుకుంటాయి. నాలుగు చెంచాలయ్యాక అన్నీ ఒకే రుచిగా తోస్తాయి. ఒక గుటక వైన్‌లోని పులుపు నోరూరిస్తుంది, వగరు ఆ పూతను తుడిచేస్తుంది; ఐదో చెంచా మళ్లీ మొదటి చెంచాలా ఉంటుంది. అదే సమయంలో, ఒంటరిగా తాగితే గరుకుగా తోచే ఆ వైన్‌ను గింజలూ నూనే మెత్తబరుస్తాయి.

ఇక ఉత్తరానికి వెళితే పొలం మారుతుంది, గిన్నె మారుతుంది. వెనెతో, లొంబార్దియా ప్రాంతాల్లో పొలెంతా ప్రధానాహారం. రాగి పాత్రలో ఎసరు మరిగాక మొక్కజొన్న రవ్వ పోసి, ముప్పావుగంట సేపు కర్రతో కలుపుతూనే ఉంటారు. చెక్క పలక మీద కుమ్మరిస్తే అది గుండ్రంగా గట్టిపడుతుంది, దారంతో కోస్తారు. తెడ్డుతో సంకటి కెలికిన చేతులకు ఆ శ్రమ ఎంతో తెలుసు. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న రాకముందు ఈ పొలెంతాను కొర్రలతో, వరిగలతో కూడా చేసేవారని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాని పల్లె వంటను తలచుకుని మురిసిపోయేవారు తరచు వదిలేసే సంగతి ఒకటి ఇక్కడ ఉంది, దాన్ని నేను వదిలేయలేను. మొక్కజొన్న ఎకరానికి ఎక్కువ పండుతుంది కనుక పేదల పళ్లెంలో అదొక్కటే మిగిలింది. దానిలోని నియాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పట్టని రూపంలో బంధించబడి ఉంటుంది. మెక్సికో ప్రజలు సున్నపు నీటిలో ఉడికించి దాన్ని విడిపించుకుంటారు. ఆ విద్య గింజలతో పాటు ఇటలీకి రాలేదు. చర్మం పగిలి, విరేచనాలు పట్టి, చివరికి మతి చలించే జబ్బు ఆ పల్లెల్లో వ్యాపించింది. మిలాన్ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపొల్లీ 1771లో దాని గురించి రాస్తూ, గరుకు చర్మం అనే అర్థంలో ప్రజలు వాడుతున్న పెల్లాగ్రా అనే పేరునే నిలబెట్టాడు. ఆ జబ్బు మన దక్కనులో జొన్న తప్ప వేరే దిక్కులేని ఇళ్లలోనూ కనిపించింది. 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో పాత్ర ఉందని ప్రతిపాదించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థతో గోపాలన్ గారి పేరు విడదీయలేనిది. పొలెంతా మీద పుట్టగొడుగుల కూర, జున్ను, మాంసం వేసి మనం ఇప్పుడు తింటున్నది, ఆ రోజుల్లో చాలా ఇళ్లలో పండగకైనా దొరకని భోజనం.

వైన్ విషయానికొస్తే, పొలెంతాకు సొంతంగా బలమైన రుచి లేదు కనుక దాని మీద ఏమి వేశారో చూసి ఎంచుకోవాలి. పుట్టగొడుగులకు, సాసేజీలకు వగరు తక్కువగా ఉండే వల్పొలిచెల్లా ఎర్రవైన్. పాలలో, నూనెలో నెమ్మదిగా ఉడికించిన ఎండుచేపకు సొవావే తెల్లవైన్.

ఉత్తరాననే ఉన్న పియెమోంతె ప్రాంతంలో చలికాలపు వంట బాన్యా కావుదా. ఆ మాటకు వేడి ముంచుడు అని చెప్పుకోవచ్చు. వెల్లుల్లి, ఉప్పులో ఊరిన ఆంచొవీ చేపలు, ఆలివ్ నూనె, ఈ మూడూ సన్నసెగ మీద కరిగి ఒకటవుతాయి. కింద చిన్న దీపం పెట్టిన మట్టిపాత్ర చుట్టూ అందరూ కూర్చుని, పచ్చి మిరప, క్యాబేజీ, కార్దూన్ అనే ముళ్లమొక్క కాడలు అందులో ముంచుకుంటారు. ఇక్కడ మిరప అంటే కారంలేని పెద్ద మిరపే. కార్దూన్‌ను నీత్సా మొన్‌ఫెర్రాతో దగ్గర వింతగా పెంచుతారు. మొక్కను వంచి మట్టిలో పాతిపెడతారు. వెలుగు కోసం పైకి లేవబోయి కాడ గూనిలా వంగి, తెల్లబడి, చేదు విడుస్తుంది. పియెమోంతెకు సముద్రమే లేదు, మరి చేప ఎక్కడిది? లిగూరియా తీరం నుంచి కొండదారుల వెంట ఉప్పుతో పాటు వచ్చింది. మైరా లోయలోని పేద గ్రామాల మగవాళ్లు పొలం పనులు లేని చలికాలంలో బండి నెట్టుకుంటూ ఊరూరా ఆంచొవీలు అమ్మేవారు.

ఈ ప్రాంతంలోనే ప్రపంచ ప్రసిద్ధమైన బరోలో వైన్ పుడుతుంది. అయినా బాన్యా కావుదా పక్కన దాన్ని పెట్టరు, పెట్టకూడదు. బరోలోకు బాగా వగరు. చేపనూనెకు అంత వగరు తగిలితే నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. పక్కనే పండే బార్బేరా ద్రాక్షతో చేసిన ఎర్రవైన్‌లో వగరు తక్కువ, పులుపు చాలా ఎక్కువ. చింతపండు పులుసు నూనె జిడ్డును ఎలా విరుస్తుందో బార్బేరా ఈ వంటలో అలా పనిచేస్తుంది. చివర పాత్రలో మిగిలిన అడుగున ఒక గుడ్డు కొట్టి కలుపుకుని తింటారు. ఆ ముద్ద కోసమే కూర్చున్నవాళ్లు కదలరు.

మాంతొవా నగరంలో తిండికీ వైన్‌కూ మధ్య గోడే లేదు. మాంసం పొదిగిన చిన్న పాస్తా తేలే వేడి చారులో, బల్ల మీదున్న లాంబ్రుస్కో ఎర్రవైన్ కొంచెం నేరుగా ఒంపుకుని తాగుతారు. చారు ఊదారంగుకు తిరుగుతుంది; పంది కొవ్వు బరువు తేలికపడుతుంది. దక్షిణాన పూల్యాలో ఎండు బాకలా (ఫావా) చిక్కుడు గింజల ముద్ద మీద చేదు చికోరీ ఆకులు వేసి తింటారు. చేదు మీద వగరు పడితే రెండూ పెరుగుతాయి కనుక, అక్కడి నేగ్రొఆమారో ద్రాక్షతోనే చేసిన గులాబీరంగు వైన్, ‘రొజాతో’ అనేది, దానికి సరైన తోడు.

గిన్నె మరిగిందని వంటగది నుంచి కబురొచ్చింది. ఈ ప్రాంగణంలో మనం వైన్ పోయడం లేదు. వగరు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ప్రతి బల్ల మీద చక్కెర వేయని, బాగా మరిగిన టీ డికాక్షన్ చల్లార్చి పెట్టాం. పులుపూ వగరూ కలిసి ఉండటం కోసం చక్కెర కలపని దానిమ్మరసం పెట్టాం. గిన్నెలోది మీ పళ్లెంలో పడ్డాక, పచ్చి ఆలివ్ నూనెను ఒక చెంచాడు దాని మీద తిప్పి పోసుకోండి, కలపకండి. మొదటి మూడు చెంచాలు ఏమీ తాగకుండా తినండి. తరువాత ఒక గుటక డికాక్షన్, మళ్లీ ఒక చెంచా. ఆ పైన దానిమ్మరసంతో అదే పని చేసి, రెండింటికీ మీకు తోచిన తేడాను కాగితం మీద తెలుగులోనే రాయండి. రొట్టె చప్పగా ఉందని ఉప్పు మాత్రం అడగకండి.