పుస్తకం తెరిచి పెట్టుకునే మాట్లాడదాం

అందరికీ నమస్కారం.

పదిమంది ఒకే పుస్తకం చదివి గుండ్రంగా కూర్చున్నాక ముందుగా వినిపించే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎలా ఉంది?" దాంతో మొదలుపెడితే సమావేశం అక్కడే చిక్కుకుంటుంది. 10 మంది తలా 5 నిమిషాలు అభిప్రాయం చెబితే 50 నిమిషాలు. గంటన్నరలో మిగిలేది 40. అప్పటికి బాగుందన్నవాళ్లు, బాగాలేదన్నవాళ్లు రెండు జట్లయిపోయి ఉంటారు. పుస్తకం మాత్రం మూసే ఉంటుంది.

అందుకే నచ్చడం, నచ్చకపోవడం ఆఖరి 10 నిమిషాలకు వాయిదా వేయండి. మొదట ఒక పేజీ తెరిచి పైకి చదవండి.

ఇంటి దగ్గర చదివేటప్పుడే ఒక్కొక్కరూ 10, 12 వరుసలకు మించని ఒక భాగం ఎంచుకోవాలి. పక్కన ఒక ప్రశ్న రాసుకోవాలి. "అద్భుతం" అని రాసుకుంటే నలుగురిలో చెప్పడానికి ఇంకేమీ ఉండదు. "ఈవిడ ఇక్కడెందుకు మాట మార్చింది?" అని రాసుకుంటే అందరికీ పని దొరుకుతుంది.

ఒక నవలలో భర్త ఇల్లు అమ్మేద్దామన్నాడనుకోండి. భార్య "మీ ఇష్టం" అంది. రచయిత అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. మనసులో చదువుకుంటే ఆ రెండు మాటల మీంచి కళ్లు జారిపోతాయి. ముగ్గురిచేత పైకి చదివించండి. ఒకరు ఒప్పుకున్నట్టు చదువుతారు. ఇంకొకరు "ఇష్టం" మీద ఒత్తి, విసురుగా చదువుతారు. మూడోవారి గొంతులో ఇక చెప్పి లాభం లేదన్న నీరసం. ఏది సరైందో తేల్చడానికి చేతులెత్తించకండి. ముందూ వెనకా రెండేసి పేజీలు తిప్పండి. అంతకుముందు ఆవిడ ఆయన్ని "నువ్వు" అంటోందా, "మీరు" అంటోందా? రోజూ "నువ్వు" అనే మనిషి ఉన్నట్టుండి "మీ ఇష్టం" అంటే అది ఒప్పుకోలు కాదు. అన్నాక కూర్చునే ఉందా, లేచి వెళ్లిందా? ఈ వెతుకులాటకు అరగంట పట్టినా ఫర్వాలేదు. చదవడమంటే అదే.

అనువాదమైతే ఇక్కడ జాగ్రత్త. ఇంగ్లీషు మూలంలో "నువ్వు", "మీరు" అన్న తేడా ఉండదు. ఆ ఎంపిక అనువాదకులది. దాన్నిబట్టి మూల రచయిత మనసు చెప్పకూడదు.

ఇంకో చిక్కు ముద్రణలది. 112వ పేజీ తీయమంటే ముగ్గురికి మూడు వేరే పేజీలు తగులుతాయి. అధ్యాయం సంఖ్య, పేరా మొదటి మాటలు చెప్పడం మేలు. కొన్నిసార్లు తేడా పేజీలతో పోదు. "కన్యాశుల్కం" 1897లో ఒక రూపంలో అచ్చయింది. 1909 కూర్పుకి గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఒకరి చేతిలో అది, మరొకరి చేతిలో ఇది ఉంటే వాదన ఎంతకీ తెగదు. పుస్తకం ప్రకటించిన రోజే కూర్పు కూడా చెప్పేయాలి.

పూర్తి చెయ్యనివాళ్లు మొహమాటపడి రావడం మానేస్తారు. రమ్మనండి. 300 పేజీలు 4 వారాల్లో అంటే రోజుకి 11 పేజీల దాకా, అందరికీ కుదరదు. ఎక్కడ ఆగారో అడగండి. నలుగురు ఒకే అధ్యాయం దగ్గర ఆగితే ముందు ఆ అధ్యాయమే తెరవాలి. అక్కడ కొత్త పాత్రలు గుంపుగా వచ్చాయా, కాలం వెనక్కి దూకిందా అన్నది అప్పుడే బయటపడుతుంది.

ఒక్కరే మాట్లాడుతూ పోతుంటే "అది ఎక్కడుందండీ?" అని అడిగితే చాలు, చెయ్యి పుస్తకం మీదకి వెళ్తుంది. ప్రశ్న వేసినవారు మౌనం భరించలేక తామే జవాబు చెప్పేస్తుంటారు. మనసులో 10 అంకెలు లెక్కపెట్టుకోండి. మాట తక్కువ మనుషులు నోరు విప్పేది ఆ వ్యవధిలోనే.

కథల సంపుటి అయితే ఒక సమావేశానికి రెండు కథలు చాలు. కవిత అయితే ఒక్కటే, ఇద్దరి గొంతుల్లో.

ఆఖరి 10 నిమిషాల్లో కూడా "నచ్చిందా?" అనకండి. "వచ్చేటప్పుడు అనుకున్నదాంట్లో ఏం మారింది?" అని అడగండి. ఏమీ మారలేదన్నవారిని వదిలేయకుండా, వారు గీత గీసుకున్న భాగం చదివించండి.