మొల్ల, గిరిక, బాహుదా: మా కడప పాపకి ఏ పేరు పెడుతున్నాం?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. డాలస్ నుంచి కడప వచ్చేశాం. ఈ వీడియోలో వంటలు, షాపింగ్ ఏమీ లేవు. ఎల్లుండి మా చెల్లెలి పాపను తొట్టిలో వేస్తున్నారు, పేరు మాత్రం ఇంకా తేలలేదు. ఇంట్లో అందరికీ అదే టెన్షన్!

పాపది పుబ్బ ఒకటో పాదం, అంటే 'మో' అక్షరం. నెట్‌లో వెతికితే అన్నీ మోక్షితలు, మోహనప్రియలే. మా చెల్లి షరతేమో మూడక్షరాలు దాటకూడదని. వచ్చే ఏడు పాప కూడా మా దగ్గరికే వచ్చేస్తుంది. పొడుగు పేరైతే అక్కడి టీచర్లకి నోరు తిరగదు.

నాన్న నక్షత్రం పక్కనపెట్టి 'గిరిక' అన్నారు. వసుచరిత్రలో కథానాయిక, కోలాహల పర్వతానికీ శుక్తిమతీ నదికీ పుట్టిన బిడ్డ. నా మనసు మాత్రం 'బాహుదా' మీదికి పోయింది. మన నందలూరు పక్కన పారే చెయ్యేరుకి ఇంకో పేరది. పూర్వం అన్న తోటలో అడక్కుండా పండు తిన్నందుకు లిఖితుడనే ముని చేతులు నరికిస్తాడు రాజు. తర్వాత అన్న శంఖుడు చెప్పినట్టు ఆ ఏట్లో మునిగితే చేతులు మళ్ళీ వచ్చాయట. బాహువులిచ్చింది కాబట్టి బాహుదా.

వసారాలో చింతపండు గింజలు తీస్తున్న మా అవ్వ తలెత్తకుండానే, "మొల్ల అని పెట్టండి మే, ఎంత బాగుంటాది!" అంది.

నిజమే కదండీ! మొల్ల అంటే మల్లె జాతిలో తెల్లటి పువ్వు. రెండే అక్షరాలు. పైగా కవయిత్రి మొల్లది మన బద్వేలు దగ్గరి గోపవరమే అంటారు. కుమ్మరి కేసన కూతురు, రామాయణాన్ని తేలిక తెలుగులో రాసిన మనిషి. అయినా ఈ పేరున్న చిన్నపిల్లను నేనింతవరకు చూడలేదు. ఇంత గొప్ప పేరు పెరట్లో పెట్టుకుని సైట్లలో వెతుకుతున్నాం!

'మో' బదులు 'మొ' అయినా పర్లేదని అయ్యవారు ఫోన్‌లో చెప్పారు. నాకున్న అనుమానం ఒక్కటే. టెక్సస్‌లో స్పానిష్ వాళ్ళు ఎక్కువ, రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే 'య' అని చదువుతారు. మొల్ల కాస్తా మోయా అయిపోతుందేమో!

"రెండుసార్లు చెబితే వాళ్ళే నేర్చుకుంటారులే అక్కా" అంది చెల్లి.

ఇక ఖాయం. ఎల్లుండి మా మరిది పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో ఈ పేరే రాస్తాడు. పుట్టిన ఏడాదిలోపు బర్త్ సర్టిఫికెట్‌లో పేరు చేర్పిస్తే ఫీజు ఉండదు, పాస్‌పోర్టులోనూ అదే స్పెల్లింగ్ రావాలి. అందుకే సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్తున్నాం.