టైఫాయిడ్ తర్వాత కీలు వాస్తే

అందరికీ నమస్కారం.

టైఫాయిడ్ అనగానే మనకు పేగులే గుర్తొస్తాయి. ఇవాళ కీళ్ల గురించి మాట్లాడతాను. టైఫాయిడ్ వచ్చినవాళ్లలో కీలులో చీము పట్టేది నూటికి ఒక్కరికంటే తక్కువ మందికే. అరుదు కాబట్టే అది ఎవరికీ వెంటనే తట్టదు. నా బాధంతా అక్కడే.

టైఫాయిడ్ తెచ్చే క్రిమి సాల్మొనెల్లా టైఫీ పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది. కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ చేరుతుంది. కొందరిలో తుంటిలోనో మోకాలిలోనో భుజంలోనో మకాం పెడుతుంది. చీము పట్టిన కీలులో ఎముకల చివర మెత్తటి పొరలా ఉండే మృదులాస్థి రోజుల్లోనే దెబ్బతింటుంది, మళ్లీ మునుపటిలా పెరగదు. పసిపిల్లల తుంటి విషయంలో నాకు మరీ భయం. లోపల ఒత్తిడి పెరిగి తొడ ఎముక తలకు రక్తం అందకపోతే ఆ బిడ్డ జీవితాంతం కుంటాల్సి రావచ్చు. బిడ్డ కాలు కదపకపోయినా, ముట్టుకుంటే ఏడుస్తున్నా జ్వరం నీరసమని వదిలేయకండి. తైలం మర్దనా చేయించకండి, కట్లు కట్టించకండి.

పాడేరు, అరకు, ఆదిలాబాద్ ఏజెన్సీలో పనిచేసే ఆశా అక్కలకు ఒక మాట. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లల్లో ప్లీహం సరిగా పనిచేయదు. వాళ్ల ఎముకల్లో సాల్మొనెల్లా జాతి క్రిములు చేరడం మామూలు పిల్లల్లో కంటే చాలా ఎక్కువ. జ్వరంతో ఒకేచోట వాపు, వేడి ఉంటే ‘ఎప్పుడూ వచ్చే సికిల్ నొప్పే’ అనుకోవద్దు, పెద్దాసుపత్రికి పంపండి.

డాక్టర్ మిత్రులారా, టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్ అన్నంత మాత్రాన కీలులో ఏముందో తెలియదు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక క్రిమి లేకుండానే కీళ్లు వాచే రియాక్టివ్ ఆర్థ్రైటిస్ కూడా ఉంది కదా! ఆ తేడా చెప్పేది సూది. వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కీలులోని నీరు తీసి, కణాల లెక్కకూ, రంగు వేసి క్రిమిని చూసే గ్రామ్ స్టెయిన్‌కూ, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ పంపండి. రక్తం కల్చర్ కూడా చేయించండి. మన దేశంలో చాలా టైఫాయిడ్ క్రిములకు సిప్రోఫ్లాక్సాసిన్ సరిగా పనిచేయడం లేదు. అందుకే సాధారణంగా సెఫ్ట్రయాక్సోన్‌తో మొదలుపెట్టి, ఆ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు చూసి మందు మార్చుకుంటాం. చీము ఉంటే మందొక్కటే చాలదు, దాన్ని బయటికి తీసి కడగాల్సిందే. ఆ తర్వాత మందు వారాల తరబడి నడుస్తుంది. నొప్పి తగ్గగానే ఆపేస్తామని ఇంట్లోవాళ్లు అంటారు, వాళ్లను కూర్చోబెట్టి ఎందుకు ఆపకూడదో ఓపిగ్గా చెప్పండి.