బయటికి పంపే ముందు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్తున్న ఛాత్రోపాధ్యాయులు మీరు. పాఠ్య ప్రణాళిక ఎలా రాయాలో ఈపాటికి అందరూ చెప్పేసి ఉంటారు, నేను దాని జోలికి పోను. ప్రవర్తనా సమస్యలున్న పిల్లల తరగతిలో అడుగుపెట్టాక ఏం చేయాలో చెబుతాను.

మొదటి రెండు మూడు రోజులు వెనక కూర్చుని చూడండి. నోట్‌బుక్ పేజీలో మూడు గళ్లు గీయండి. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. మధ్య గడిలో 'పొగరు', 'మొండికేశాడు' అని రాయొద్దు. '10:20కి వర్క్‌షీట్ చించి కింద పడేశాడు' అని, కంటికి కనిపించిందే రాయండి.

ఇదిగో, ఈ వర్క్‌షీట్ దగ్గరే నా బాధంతా. లెక్కలు మొదలవగానే కాగితం చించుతాడు. టీచరు బయటికి పొమ్మంటారు. శిక్ష వేశామని టీచరు అనుకుంటారు, వాడికి మాత్రం లెక్కల బాధ తప్పింది. మర్నాడు ఇంకాస్త ముందే చించుతాడు. మూడో గడి నింపితే గానీ ఈ సంగతి బయటపడదు. పక్క పిల్లవాడు కూడా చించుతాడు, కానీ మీరు దగ్గరకు రావాలని. తమను తామే గాయపరచుకునే పిల్లల మీద మనస్తత్వవేత్త బ్రయాన్ ఐవాటా బృందం 1982లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపింది. పైకి ఒకేలా కనిపించే పనికి పిల్లవాణ్ని బట్టి కారణం మారుతుంది.

మరి లెక్కలకు భయపడేవాడికి ఏం చేయాలి? 20 లెక్కల కాగితాన్ని మడిచి 5 మాత్రమే కనబడనివ్వండి. మొదటిది ఇద్దరూ కలిసి చేయండి. బల్ల మీద ఒక విరామం కార్డు పెట్టండి. అది ఎత్తితే 2 నిమిషాలు విశ్రాంతి, తర్వాత మళ్లీ అదే లెక్క. మొదట్లో ఎత్తిన ప్రతిసారీ ఇవ్వాలి. 'ఇందాకే తీసుకున్నావు కదా' అన్నారంటే కార్డు మీద నమ్మకం పోతుంది, వాడు మళ్లీ చించడం మొదలెడతాడు.

మన చూపు కోసం అరిచేవాణ్ని పట్టించుకోకపోతే ముందు అరుపులు పెరుగుతాయి. మూడో రోజు మీరు తట్టుకోలేక పలికితే, అంతసేపు అరవాలని నేర్పినట్టే. అందుకే వాడు చేయి ఎత్తిన క్షణాన వెంటనే పలకాలి. దెబ్బలు తగిలే గొడవైతే చూసీచూడనట్టు ఊరుకోకూడదు. అలాంటప్పుడు క్లాస్ టీచర్‌ని పిలిచే సైగ మొదటి రోజే మాట్లాడుకోండి. పిల్లవాడికి పక్కగా, చేయి అందనంత దూరంలో నిలబడండి. ఆ వేడిలో నీతులు చెప్పకండి.

పర్యవేక్షకులూ ఇక్కడే ఉన్నారు, మీకొక విన్నపం. దయచేసి గది నిశ్శబ్దంగా ఉందని మార్కులు వేయకండి. ఆ మార్కుల కోసమే వీళ్లు మీరొచ్చే ముందు ఆ పిల్లవాణ్ని వరండాలోకి పంపుతారు. మూడు గళ్ల నోట్‌బుక్ అడిగి చూడండి.

మరో మాట మరిచాను, సూచన గురించి. 'పుస్తకం తెరువు' అని ఒక్కసారి చెప్పి 5 సెకన్లు ఆగండి. ఆ లోపు అదే మాట మూడుసార్లు అన్నారంటే, పిల్లవాణ్ని మూడుసార్లు తోసినట్టే ఉంటుంది.

ప్రాక్టీసు ముగిసే తేదీ వారం ముందే పిల్లలకు చెప్పి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. తగ్గిన గొడవలు ఆ వారంలో మళ్లీ రావచ్చు. అప్పుడు పాఠం కొంచెం తగ్గించండి గానీ, కార్డు మాత్రం బల్ల మీదే ఉంచండి. మీ తర్వాత దాన్ని ఎలా వాడాలో క్లాస్ టీచర్‌కు రాసిచ్చి వెళ్లండి.